ఎడారి కొమ్ము తొండ బొమ్మ: ఒంటి మీది మచ్చను, నీడను ఇంకులో విడదీయడం ఎలా?

సిరాచుక్క (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. పిల్లల కోసం వెలువడే ఒక తెలుగు విజ్ఞాన మాసపత్రికలో ఎడారి జంతువుల మీద వరుసగా వ్యాసాలు రానున్నాయి. వాటిలో ఒకదానికి అమెరికా ఎడారుల్లో బతికే చిన్న కొమ్ము తొండ బొమ్మను ఇంకుతో వేసి ఇమ్మని సంపాదకులు నన్ను అడిగారు. బొమ్మ పూర్తిగా నలుపు తెలుపుల్లోనే ఉండాలి. అచ్చులో దాని వెడల్పు 9 సెంటీమీటర్లు ఉంటుంది. నెవాడాలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు లాస్ వేగస్ శివార్లలో ఈ తొండ కనబడినప్పుడు ఫోనుతో తీసిన ఫోటోలు నాకు పంపింది. అవి స్పష్టంగానే ఉన్నాయి గాని, అన్నీ మిట్టమధ్యాహ్నం పైనుంచి తీసినవే.

నా ఇబ్బంది ఇది. ఈ తొండ వీపు మీద వంకరటింకర అంచులున్న ముదురు పట్టీలు ఉన్నాయి, మెడకు ఇరువైపులా రెండు పెద్ద నల్లమచ్చలు ఉన్నాయి. పెన్సిలుతో వేసినప్పుడు బూడిద రంగులో ఎన్నో ఛాయలు దొరుకుతాయి కనుక మచ్చ మచ్చగానే, నీడ నీడగానే కనబడుతున్నాయి. అదే ఇంకులోకి వచ్చేసరికి రెండూ నలుపే కావడంతో మచ్చలున్న చోటల్లా వీపు గుంట పడినట్టు కనిపిస్తోంది. పైగా ఈ జంతువు ఒళ్లు నేలకు బాగా అణిగి ఉంటుంది, రంగు కూడా నేల రంగులో కలిసిపోతుంది. ఒంటి అంచును ఎంత గట్టిగా గీయాలో తేల్చుకోలేకపోతున్నాను. 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు 220 గ్రాముల బరువుండే) కార్ట్రిడ్జ్ పేపర్ అనే మందపాటి డ్రాయింగు కాగితం మీద, ఒకే మందంలో గీసే మైక్రాన్ ఇంకు పెన్నులు 005, 01, 03 (అంకె పెరిగేకొద్దీ గీత మందం) వాడుతున్నాను. ప్రతి పొలుసునూ వేయాలా, కొన్నింటిని వదిలేయవచ్చా అన్నది కూడా అనుభవమున్నవారు చెప్పగలరు.

సరీసృపం (గుంటూరు)

సిరాచుక్క గారికి నమస్కారం. కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తుంటాను. బొమ్మ మెళకువల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేను జంతువు గురించే చెబుతాను. ముందు జాతిని ఖాయం చేసుకోండి. కొమ్ము తొండల్లో పలు జాతులున్నాయి. ఫోటోల్లో పొట్ట పక్క అంచును పెద్దది చేసి చూసి, అక్కడ అంచు వెంట ముళ్లలా పొడుచుకు వచ్చిన పొలుసులు ఒకే వరుసలో ఉన్నాయా, రెండు వరుసల్లో ఉన్నాయా అన్నది గమనించండి. ఒకే వరుస ఉండి, తల వెనుక కొమ్ములు మరీ పొడవుగా లేకుండా, మొదళ్ల దగ్గర ఒకదానికొకటి తాకకుండా ఉంటే అది ఎడారి కొమ్ము తొండ. దీనికి ఫ్రైనోసోమా ప్లాటిరైనోస్ అన్న శాస్త్రీయ నామాన్ని 1852లో గిరార్డ్ అనే జంతుశాస్త్రవేత్త పెట్టారు. రెండు వరుసలుండి, తల నడుమ రెండు పొడవాటి కొమ్ములుండి, వెన్ను పొడవునా లేతరంగు గీత ఉంటే అది టెక్సస్ కొమ్ము తొండ. నెవాడాలో తీసిన ఫోటోలంటున్నారు కాబట్టి ఒకే వరుస కనబడుతుందనే అనుకుంటున్నాను.

ఈ వరుస మీ బొమ్మకు ప్రాణం లాంటిది. చూసేవారికి అది అలంకారంలా అనిపించవచ్చు గాని, జాతిని గుర్తుపట్టేది దానితోనే. అందువల్ల వీపు మీది పొలుసుల్ని ఎంత సరళం చేసినా సరే, పక్క అంచు ముళ్లను మాత్రం లెక్క తప్పకుండా, ఒకే వరుసలో వేయండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వీపు మీద పొలుసులన్నీ ఒకే మాదిరిగా ఉండవు. ఇసుక రేణువుల్లాంటి సన్నని పొలుసుల నడుమ అక్కడక్కడ మొనదేలిన పెద్ద పొలుసులు లేచి ఉంటాయి. చాలామంది బొమ్మల్లో చేప పొలుసుల మాదిరిగా వరుసలు కట్టి వేసేస్తారు. ఈ జంతువుకు అది ఎంతమాత్రమూ నప్పదు.

సిరాచుక్క (విజయవాడ)

ధన్యవాదాలు మేడమ్. పెద్దది చేసి చూశాను. ఒకే వరుస ఉంది, కొమ్ములు కూడా మీరు చెప్పినట్టే విడివిడిగా ఉన్నాయి. ఇక నీడ సంగతి ఎవరైనా చెప్పాలి.

పాళీ మాస్టారు (గుంటూరు)

అమ్మా, డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇప్పటికీ ఇంకు సీసాలో ముంచి రాసే పాళీతోనే బొమ్మలు వేస్తాను. నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఇంకు బొమ్మలో అసలైన కష్టం అదే. జంతువుకు పుట్టుకతో వచ్చిన రంగు ఒకటి, దాని మీద వెలుగు పడటం వల్ల ఏర్పడే నీడ ఇంకొకటి. ఈ రెండూ ఫోటోలో కలిసిపోయి ఉంటాయి. వాటిని ముందు నీ మనసులో విడదీసుకోకుండా పెన్ను ఎత్తితే ఏ పద్ధతిలో వేసినా గుంటలే కనిపిస్తాయి.

నేను పిల్లలకు చెప్పే పద్ధతి రాస్తున్నాను, ఓపికగా చేసి చూడు. రెండు ట్రేసింగ్ కాగితాలు తీసుకో. మొదటిదాని మీద తొండ ఒంటికి రంగే లేదన్నట్టు, అంటే సున్నంతో చేసిన బొమ్మ మీద వెలుగు పడితే ఎలా ఉంటుందో అలా, నీడ మాత్రమే పెన్సిలుతో వెయ్యి. రెండోదాని మీద నీడ అన్నదే లేకుండా పట్టీలు, మచ్చలు మాత్రమే హద్దులు గీసి పెట్టుకో. ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఎక్కడ మచ్చ వెలుగులో ఉందో, ఎక్కడ నీడలోకి దిగిందో నీకు స్పష్టంగా తెలిసిపోతుంది. వెలుగు పడే వైపున్న మచ్చను పూర్తి నలుపు చేయకూడదు. దానిలోని పెద్ద పొలుసుల కొనల మీద తెల్లకాగితాన్ని అలాగే వదిలేయాలి. అదే మచ్చ నీడ వైపు వచ్చేసరికి ఆ తెలుపును క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. అప్పుడు చూసేవాడికి మచ్చ చర్మం మీదున్నట్టు తెలుస్తుంది గాని గుంటలా అనిపించదు.

మిట్టమధ్యాహ్నం పైనుంచి తీసిన ఫోటోలో నీడ ఎక్కడుందో దొరకదు కదా అంటావేమో. నిజమే, దొరకదు. దానికి ఉపాయం మట్టి. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టితో గాని, మామూలు బంకమట్టితో గాని అరచేతిలో పట్టేంత తొండను చెయ్యి. పొలుసులక్కర్లేదు, ఒళ్లు, తల, కాళ్లు, తోక మలుపు సరిగ్గా వస్తే చాలు. దాన్ని బల్ల మీద పెట్టి ఎడమవైపు పైనుంచి ఒకే ఒక్క దీపం వెయ్యి, గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పెయ్యి. శాస్త్రీయ చిత్రాల్లో వెలుగు ఎడమ పైమూల నుంచి వచ్చినట్టు చూపడం ఎప్పటినుంచో స్థిరపడిన ఆచారం. మట్టిబొమ్మ మీద కనిపించిన నీడను మొదటి కాగితం మీదికి ఎక్కించు, ఫోటోలోని మచ్చల్ని రెండోదాని మీదికి ఎక్కించు.

ఇక గీత సంగతి. మచ్చల్ని పొట్టి గీతలతో, ఆ గీతలు పొలుసుల వరుస వెంట నడిచేటట్టు వెయ్యి. నీడను మాత్రం ఒంటి వంపుకు అడ్డంగా నడిచే గీతలతో, మచ్చల మీదుగా కూడా ఆపకుండా తీసుకుపో. రెండింటికీ దిశ వేరు కావడంతో కన్ను వాటిని దేనికదిగా చదువుకుంటుంది.

నల్లగీత (తెనాలి)

మాస్టారు చెప్పిన రెండు కాగితాల పద్ధతి, మట్టిబొమ్మ పద్ధతి రెండూ అమూల్యమైనవి. చివరి మాట దగ్గర మాత్రం నేను విభేదిస్తున్నాను. నీడను అడ్డగీతలతో వేస్తే ఇంత ముళ్లున్న ఒంటి మీద గజిబిజి అవుతుంది. ఇప్పటికే పొలుసులూ, ముళ్లూ, మచ్చల అంచులూ కలిసి ఎన్నో గీతలు ఉంటాయి. వాటి మీద నీడ గీతలు కూడా తోడైతే ఏ గీత దేనికోసమో చూసేవారికి అంతుపట్టదు. ఈ జంతువుకు చుక్కల పద్ధతే తగినదని నా గట్టి నమ్మకం. నీడంతా చుక్కలతో వేసి, గీతను పొలుసుల అంచులకూ మచ్చలకూ మాత్రమే కేటాయిస్తే, నీడ వేరు రంగు వేరు అన్న తేడా చుక్క, గీత అన్న తేడాలోనే తెలిసిపోతుంది కనుక దిశ మీద ఆధారపడే పని ఉండదు.

చుక్కలు పెట్టేటప్పుడు పెన్నును నిట్టనిలువుగా పట్టుకోవాలి. వాల్చి పెడితే చుక్కకు తోక వస్తుంది. చుక్కను చిన్నది చేసి లేతదనం తేవాలని చూడకూడదు. ఒకే పరిమాణంలో చుక్కలు పెడుతూ వాటి మధ్య దూరాన్ని మార్చాలి. వరుసలు కట్టకుండా, అలాగని గుంపులు పడకుండా చూసుకోవాలి. ముదురు నీడలో కూడా చుక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా, మధ్యలో తెల్లని సందు మిగిలేటట్టు పెడితే ఆ నీడకు ఊపిరి ఉంటుంది.

ఒక్క పెద్ద పొలుసును ఎలా వేస్తానో వివరిస్తాను. ముందు 005తో దాని కింది అంచును, కుడి అంచును మాత్రమే గీస్తాను. ఎడమ అంచు, పై అంచు వెలుగులో ఉంటాయి కనుక వాటికి గీత పెట్టను. తరువాత పొలుసు మొన కిందపడే నీడకు, అంటే కుడివైపు మొదట్లో, 01తో చిన్న చంద్రవంక ఆకారంలో నలుపు పెడతాను. మొన నుంచి మొదలు దాకా ఉండే గట్టును పూర్తిగా తెల్లగా వదిలేసి, గట్టుకు కుడి పక్క వాలులో నాలుగైదు చుక్కలు పెడతాను. ఇంతే. అంత చిన్న చంద్రవంకే పొలుసును చర్మం నుంచి పైకి లేపుతుంది. పొలుసు చుట్టూ పూర్తిగా గీత చుట్టేస్తే మాత్రం అది నేలకు అతికించిన పెంకులా అయిపోతుంది.

ప్రతి పొలుసునూ వేయాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: అక్కర్లేదు. వెలుగు నీడగా మారే నడిమి పట్టీలో పొలుసుల్ని వివరంగా వేయండి. పూర్తి వెలుగులో అక్కడొకటి ఇక్కడొకటి సూచనగా వదలండి. పూర్తి నీడలో కూడా అంతే. తల, కళ్లు, పక్క అంచు వరుస మాత్రం దీనికి మినహాయింపు.

పాళీ మాస్టారు (గుంటూరు)

నల్లగీత గారూ, మీ మాటను కాదనను. బాపు గారి గీతను చూస్తూ పెరిగిన మా తరానికి గీత మీద మమకారం ఎక్కువ. ఒకే గీతలో మందం పెరిగి తరిగి ఆకారమంతా పలకడం మాకు అలవాటైన అందం. ఆ గుణం పాళీలో ఉంది, మీ టెక్నికల్ పెన్నుల్లో లేదు. అయితే ఈ అమ్మాయి వాడుతున్నవి ఒకే మందం గీసే పెన్నులు కాబట్టి, వాటితో నీడకు చుక్కలే మేలని ఒప్పుకుంటున్నాను. పొట్ట కింద, నేలను తాకే చోట పడే నీడను మాత్రం చుక్కలతో కాకుండా దట్టమైన గీతలతోనే వెయ్యమని నా సలహా. నేల మీది నీడ, ఒంటి మీది నీడ ఒకే తీరులో ఉంటే తొండ నేలలోకి కూరుకుపోయినట్టు ఉంటుంది.

సరీసృపం (గుంటూరు)

నేల మీది నీడ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పడం అవసరం. ఈ తొండలు అపాయం పసిగట్టినప్పుడు కదలకుండా ఒళ్లు నేలకేసి అదుముకుంటాయి. వెడల్పుగా, చదునుగా ఉన్న ఆ ఒంటి పక్కలు నేలకు ఆనుకోవడంతో కింద నీడ దాదాపు పడదు. ఆకాశం నుంచి చూసే డేగకు దాని ఆకారం దొరకకపోవడానికి రంగు ఎంత కారణమో, నీడ లేకపోవడం కూడా అంతే కారణం. పక్క అంచు ముళ్లు కూడా ఆ హద్దును చెదరగొట్టడానికే తోడ్పడతాయి. కాబట్టి ముందు మీరు ఏ భంగిమ వేస్తున్నారో నిర్ణయించుకోవాలి. నేలకు అణిగి దాక్కున్న భంగిమ అయితే పొట్ట కింద దట్టమైన నీడ వేయడం జంతువు స్వభావానికే విరుద్ధం. ముందుకాళ్ల మీద లేచి చీమల బాట పక్కన కాపు కాస్తున్న భంగిమ అయితే మాస్టారు చెప్పిన నీడ ఉండి తీరాలి.

సిరాచుక్క (విజయవాడ)

ఇది నేను ఊహించని కోణం. సంపాదకులు మాత్రం కంటి నుంచి రక్తం చిమ్ముతున్నట్టు వేస్తే పిల్లలు ఆసక్తిగా చూస్తారని అంటున్నారు. అలా వేయవచ్చా?

సరీసృపం (గుంటూరు)

వేయకండని నా మనవి. కొమ్ము తొండలు కనురెప్పల దగ్గరి నుంచి రక్తం చిమ్మడం నిజమే. కుక్క, నక్క జాతి జంతువులు నోట కరవబోయినప్పుడు ఆ పని చేస్తాయి, ఆ రక్తం రుచి వాటికి గిట్టదు. అయితే అది బాగా నమోదైనది టెక్సస్ జాతి వంటి కొన్నింటిలో. మీరు వేస్తున్న ఎడారి జాతి అందుకు ప్రసిద్ధి చెందినది కాదు. ఒక జాతి ఒంటి మీద ఇంకొక జాతి ప్రవర్తనను అతికిస్తే పిల్లలు దాన్నే నిజమని పెట్టుకుంటారు. సంపాదకులకు ఆ సన్నివేశమే ముఖ్యమైతే రెండు వరుసల పక్క ముళ్లతో, పొడవాటి కొమ్ములతో టెక్సస్ తొండనే వేయండి. అప్పుడు వ్యాసంలో పేరు కూడా మార్చాలి.

దానికి బదులు చీమను చేర్చమని సూచిస్తున్నాను. ఈ తొండకు చీమలే ముఖ్యమైన ఆహారం, వాటిలో గింజలు పోగుచేసుకునే చీమలు ప్రధానం. బొమ్మలో చీమ ఉంటే ఆహారమూ తెలుస్తుంది, తొండ ఎంత చిన్నదో కూడా చదివేవారికి ఇట్టే అర్థమవుతుంది. ఆ చీమల నడుములో రెండు కణుపులు ఉంటాయి, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. చీమ చిన్నదే కదా అని ఆ రెండింటినీ వదిలేయకండి.

కొండపల్లి కుర్రాడు (విజయవాడ)

నేను ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. మన దగ్గర గోడల మీద, కంచెల మీద కనిపించే తోట తొండను చూసి సాధన చేస్తే ఈ బొమ్మకు పనికివస్తుందా?

నల్లగీత (తెనాలి)

పొలుసుల సాధనకు తప్పకుండా పనికివస్తుంది, ఒంటి ఆకారానికి పనికిరాదు. మన తోట తొండ ఒళ్లు రెండు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా, ఎత్తుగా ఉంటుంది. కొమ్ము తొండ ఒళ్లు పైనుంచి నొక్కినట్టు వెడల్పుగా ఉంటుంది. వెలుగు పడే తీరు రెండింటిలోనూ పూర్తిగా వేరు. కాకపోతే పొద్దున్నే ఎండ కాచుకుంటున్న తొండ తల ఎలా ఎత్తుతుందో, ముందుకాళ్ల మీద బరువు ఎలా మోపుతుందో చూడటానికి దానికన్నా మంచి గురువు మనకు దొరకదు. దూరం నుంచి, దాన్ని బెదరగొట్టకుండా పెన్సిలుతో త్వరత్వరగా గీసుకోండి.

పాత చిత్రాలు చూసే ఆసక్తి ఉంటే, 1864లో జంతుశాస్త్రవేత్త గుంథర్ బ్రిటిష్ ఇండియా సరీసృపాల మీద వెలువరించిన గ్రంథానికి చిత్రకారుడు జి.హెచ్. ఫోర్డ్ వేసిన పూర్తి పుట చిత్రాల్ని బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా చూడవచ్చు. అవి రాతి అచ్చు చిత్రాలు, పెన్నుతో వేసినవి కావు. అయినా పొలుసుల వరుస ఒంటి వంపు వెంట ఎలా తిరుగుతుందో, దూరం పోయేకొద్దీ ఎలా సన్నబడుతుందో వాటిలో చూసి నేర్చుకోవలసినది ఎంతో ఉంది.

ప్రింటు పని (విజయవాడ)

ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేస్తాను. అచ్చు గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను. అచ్చులో వెడల్పు 9 సెంటీమీటర్లయితే అసలు బొమ్మను 18 సెంటీమీటర్ల వెడల్పున వేయండి. సగానికి తగ్గినప్పుడు చిన్న చిన్న వంకరలు కనబడకుండా పోతాయి, బొమ్మ బిగువుగా వస్తుంది. అయితే గీతల మందం కూడా సగమవుతుందని మరవకండి. మైక్రాన్ 005 అంటే అది గీసే గీత 0.20 మిల్లీమీటర్లు, 01 అంటే 0.25, 03 అంటే 0.35. సగానికి తగ్గితే 005 గీత 0.10కి దిగుతుంది. మంచి ఆర్టు పేపరు మీద అది నిలబడుతుంది గాని, పిల్లల పత్రికలు వాడే పలచని కాగితం మీద అక్కడక్కడ తెగిపోవచ్చు. అందువల్ల తప్పనిసరిగా కనబడవలసిన పక్క అంచు ముళ్లను, కొమ్ములను 01తో గాని అంతకన్నా మందంగా గాని గీయండి.

నీడ చుక్కల విషయంలో దీనికి ఎదురు సమస్య వస్తుంది. అలాంటి కాగితం సిరాను పీల్చి ప్రతి చుక్కనూ కొంచెం ఉబ్బిస్తుంది. అసలు బొమ్మలో సందు తక్కువగా ఉంటే అచ్చులో అంతా కలిసి నల్లటి ముద్దగా మారుతుంది. మీ కంటికి సరిపోయింది అనిపించిన చోట ఇంకొంచెం ఎడం ఇవ్వండి. బొమ్మను జిరాక్సు షాపులో సగానికి తగ్గించి ఒక కాపీ తీయించుకుంటే ఎక్కడ మూసుకుపోతోందో ముందే తెలుస్తుంది, ఖర్చు కూడా ఏమీ కాదు.

స్కాన్ చేయించేటప్పుడు 1200 డీపీఐలో (అంటే అంగుళానికి 1200 చుక్కల స్పష్టతతో), బూడిద ఛాయలు లేకుండా శుద్ధ నలుపు తెలుపు ఫైలుగా చేయించండి. తక్కువ డీపీఐలో బూడిద ఛాయలతో ఇస్తే ప్రెస్సులో మీ చుక్కల మీద ఇంకొక చుక్కల తెర పడి గీతల అంచులన్నీ మసకబారతాయి. పరిమాణం తెలిపేందుకు రెండింతలు, సగం అని అంకెలు రాయకండి. ఒక సెంటీమీటరుకు సమానమైన గీతను బొమ్మ కిందే వేసేయండి; బొమ్మ ఎంతకు తగ్గినా ఆ గీత కూడా దానితో పాటే తగ్గుతుంది కనుక కొలత చెడదు.

పాళీ మాస్టారు (గుంటూరు)

ప్రింటు పని వారు చెప్పినది అక్షరాలా పాటించమ్మా. కాగితం గురించి నేనొక మాట చేరుస్తాను. మన కృష్ణ ఒడ్డు ఊళ్లలో వర్షాకాలం గాలిలో తేమ విపరీతంగా ఉంటుంది. ఆ తేమకు కార్ట్రిడ్జ్ పేపరు మెత్తబడి ఇంకు గీత అంచు వెంట పీచులు పీచులుగా పాకుతుంది. నున్నని బ్రిస్టల్ బోర్డు తెచ్చుకుంటే చుక్క గుండ్రంగా నిలుస్తుంది, ఎక్కడైనా నలుపు ఎక్కువైతే కొత్త బ్లేడుతో సున్నితంగా గీకి తెలుపు తెచ్చుకునే వీలు కూడా ఉంటుంది. కాగితాన్ని వాడనప్పుడు ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచు. చేతి చెమట తగలకుండా అరచేతి కింద ఎప్పుడూ ఒక అద్దుడు కాగితం పెట్టుకో.

సిరాచుక్క (విజయవాడ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు మట్టిబొమ్మ చేసి, టేబుల్ లైటు కింద పెట్టి, రెండు ట్రేసింగ్ కాగితాలూ తయారుచేసుకున్నాను. నీడ కాగితాన్ని ఒక్కదాన్నే విడిగా చూస్తే ఒళ్లు ఎంత చదునుగా ఉందో మొదటిసారి అర్థమైంది. వెన్ను దగ్గర వెలుగు దాదాపు సమంగా పరుచుకుని, కుడి పక్క అంచుకు రాగానే ఒక్కసారిగా నీడ దిగుతోంది. అంటే వీపు మీద కనిపించే నలుపులో అధికభాగం మచ్చలదే గాని నీడది కాదు. ఈ సంగతి తెలిశాక వీపు మీద నీడ చుక్కల్ని చాలా తగ్గించి, ఆ దట్టమంతా కుడి అంచుకే కేటాయించాను.

భంగిమ విషయంలో, చీమల పక్కన ముందుకాళ్ల మీద కొద్దిగా లేచి ఉన్నదే ఎంచుకున్నాను. వెలుగు పడే ఎడమ అంచుకు గీతే పెట్టలేదు. అక్కడ నేల మీది గులకరాళ్లకు సన్నని చుక్కలు వేయగా, వాటి ముందు తెల్లగా ఉన్న ఒంటి అంచు తనంతట తానే కనబడుతోంది. సంపాదకులు కూడా రక్తం సంగతి విరమించుకుని చీమకు ఒప్పుకున్నారు. 18 సెంటీమీటర్ల వెడల్పున బ్రిస్టల్ బోర్డు మీద పూర్తిచేసిన బొమ్మను ఇక్కడ జత చేస్తున్నాను. ప్రెస్సుకు పంపేముందు మేడమ్ ఒకసారి పరిశీలించగలరు.

సరీసృపం (గుంటూరు)

చాలా శ్రద్ధగా వేశారు. మెడ మచ్చలు చర్మం మీది రంగుగానే కనబడుతున్నాయి, వాటిలోని పెద్ద పొలుసుల కొనలు తెల్లగా వదలడం బాగా కుదిరింది. పక్క అంచు వరుస, కొమ్ముల మొదళ్లు, చీమ నడుము కణుపులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మార్చవలసినది ఒక్కటే. వెనుక కాలి వేళ్లు అయిదూ దాదాపు ఒకే పొడవులో ఉన్నాయి. నాలుగో వేలు మిగతావాటికన్నా పొడవుగా ఉండాలి. ఫోటోలో కుడి వెనుక కాలు ఇసుకలో ఉంది కనుక ఎడమ కాలును చూసి సరిచేయండి.

నల్లగీత (తెనాలి)

వేలు పొడిగించడానికి ఆ చోట గీకనక్కర్లేదు. గోరును చెరపకుండా, దాని ముందు తెల్లగా ఉన్న నేల మీదికే వేలిని సాగదీసి కొత్త గోరు పెట్టండి. పాత గోరు మీద రెండు చుక్కలు పెడితే అది వేలి మీది పొలుసుగా మారిపోతుంది.

సిరాచుక్క (విజయవాడ)

అలాగే చేశాను, ఎక్కడ సాగదీశానో నాకే గుర్తుపట్టడం కష్టంగా ఉంది. జిరాక్సులో సగానికి తగ్గించి చూస్తే కుడి ముందుకాలి వెనుక ఒక్కచోట చుక్కలు కలిసిపోతున్నాయి. అక్కడ బ్లేడు మొనతో సందులు చేశాను. సెంటీమీటరు గీతను బొమ్మ కింద కుడిమూలన వేసి, 1200 డీపీఐ ఫైలును ఈ రోజు సాయంత్రం సంపాదకులకు పంపించాను.